వాల్వ్ తీసేసిన కారు

గవరయ్య స్వామిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన తిరిగి ఒకటే అడుగుతాడు: "చేతులు ఖాళీయేనా?" ఖాళీయే అన్నారంటే అయిపోయారన్నమాటే, ఏదో ఒక పని అంటగడతాడు. ఇరవై రెండేళ్ళు బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసి, ఆ తర్వాత చింతపల్లి కొండల మీద నాలుగు పాకలు వేసుకుని కూచున్న మనిషి. కాషాయం కట్టాడు గానీ గోళ్ళలో మసి ఇంకా పోలేదు. ఉపదేశం కోసం వచ్చి, బోరు మోటారు విప్పి బిగించి వెళ్ళినవాళ్ళు ఎంతమందో!

దాలినాయుడు ఆ ఆశ్రమం కారు నడుపుతాడు. పూర్వం లారీ డ్రైవరు. భార్య నారాయణమ్మ జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. అప్పుడతను లోడుతో నాగపూర్ దారిలో ఉన్నాడు. ఇంటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. పది రోజులు కూడా ఆ ఇంట్లో నిలవలేక కొండెక్కి వచ్చేశాడు. మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆవిడ పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. చీరలు పంచేశాడు, ఫోటో అత్తగారికే పంపేశాడు. ఏటా తిథి రోజున ఆ అత్తగారు నలుగురికి అన్నం పెడుతుంది, అల్లుణ్ణి రమ్మని కబురు చేస్తుంది, ఇతను ఏదో ఒక సాకు చెబుతాడు. ఈసారి తిథి ఎల్లుండనగా, ఊళ్ళోంచి కూరగాయలు తెచ్చే మనిషి చేత చెప్పించింది: "అన్నం తినకపోతే మానె. నా కూతురి గురించి నాలుగు మాటలు మాట్లాడుకోడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు బాబూ?"

ఆ మాట విన్న మర్నాడు దాలినాయుడు పొద్దున్నే వెళ్ళి స్వామి ఎదుట కూచున్నాడు.

"స్వామీ, మా ఇంటిదాన్ని మరిచిపోయే మంత్రం ఏదైనా ఉందా? మూడేళ్ళ నుంచీ తోసేస్తూనే ఉన్నాను, పోవడం లేదు. టీ గ్లాసు పట్టుకుంటే అదే గుర్తొస్తుంది. గేరు మార్చినా అదే. ఈ గుర్తనేది నాలోంచి తీసి పారెయ్యండి. రేపు నేను వెళ్ళక్కర్లేకుండా చెయ్యండి."

"చేతులు ఖాళీయేనా?" అన్నాడు స్వామి. "కారు డీజిలు తెగ తాగుతోంది. మొన్న ఘాట్ మీద పొగ కక్కుకుంటూ చతికిలబడింది. అదేదో చూద్దాం పద."

పుష్యమాసపు చలి. అరగంట ఇంజను ఆడించినా, వేడి చూపించే ముల్లు అడుగునుంచి లేవలేదు. స్వామి ఇంజను ఆపించి, కాసేపాగి, స్పానరుతో పై గొట్టం విప్పాడు. లోపల వాల్వ్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఇందులోది ఏది?"

దాలినాయుడు కాస్త గర్వంగానే చెప్పాడు. "నేనే తీసేశాను స్వామీ. ఎండాకాలంలో ఘాట్ మీద రెండుసార్లు మరిగింది. అది పీకేస్తే గొడవుండదని డ్రైవర్లందరూ చేసేదే. అప్పట్నించీ ఒక్కనాడూ మరగలేదు."

మరగలేదన్నది నిజమే. ఇంజను కాగేదాకా నీళ్ళకి అడ్డంగా మూసుకుని ఉండి, కాగాక తెరుచుకోవడం ఆ వాల్వ్ పని. దాన్ని పీకేస్తే నీళ్ళు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి, ఇంజను ఎప్పుడూ చల్లగానే పడి ఉంటుంది. చల్లటి ఇంజను డీజిలు తాగుతుంది, పొగ వదులుతుంది, బరువు లాగమంటే మొరాయిస్తుంది. మరగడం లేదు కదా అని మనవాళ్ళు మురిసిపోతారు. అసలెందుకు మరిగిందో చూడొద్దూ!

స్వామి రేడియేటరు కింది గొట్టం విప్పమన్నాడు. విప్పగానే తుప్పు రంగు బురద గడ్డలు గడ్డలుగా కారింది. రోజూ దాలినాయుడు తన చేత్తో పోసిన బోరు నీళ్ళ చలవే అదంతా. మధ్యాహ్నం దాకా ఇద్దరూ పైపు పెట్టి కింది నుంచి పైకి నీళ్ళు కొట్టారు. తేటనీళ్ళు వచ్చేదాకా స్వామి వదల్లేదు. ఆ తర్వాత, మొన్న పొగ చూసినప్పుడే అనుమానించి తెప్పించి ఉంచిన కొత్త వాల్వ్ బిగించి, బోరు నీళ్ళకి బదులు కూలెంటు పోసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజను ఆడించి, మూత పెట్టి, "పద, కొండెక్కిద్దాం" అన్నాడు.

రెండో మలుపులో ముల్లు కదిలింది. దాలినాయుడు గభాలున కాలు తీసేశాడు.

"ఎందుకు వదిలావు?"

"ముల్లు లేస్తోంది స్వామీ!"

"లేవనీ. తొక్కు."

భయంభయంగానే తొక్కాడు. ముల్లు లేచి లేచి, సగానికి వచ్చి నిలబడింది. ఏడు మలుపులు ఎక్కినా అక్కణ్ణించి కదల్లేదు. ఈసురోమంటూ ఉండే కారు మూడో గేరులో హాయిగా లాగేస్తోంది. దాలినాయుడికి నవ్వొచ్చింది. నవ్వి, తనకే తెలియకుండా అన్నాడు: "మా నారాయణమ్మకి మలుపులంటే హడలు స్వామీ. ఒక్కసారే లారీలో ఎక్కించుకొచ్చాను. నా చొక్కా పట్టుకుని, మెల్లగా పోనీవయ్యా, నీ లారీ తగలెయ్య, అని దారి పొడుగునా తిడుతూనే ఉంది."

మూడేళ్ళలో ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. ఆ తిట్లన్నీ వరసపెట్టి చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ కారు పక్కకి ఆపేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అది కావాలి స్వామీ, నాకింకేం వద్దు" అన్నాడు. స్వామి ఓదార్చలేదు. కిటికీ అద్దం దించి, లోయకేసి చూస్తూ కూచున్నాడు.

చాలాసేపటికి దాలినాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రేపు అక్కడికి వెళ్తే అందరి ముందూ ఇలాగే అవుతుంది స్వామీ."

"అవనీ నాయుడూ" అన్నాడు గవరయ్య స్వామి. "ఆ ముసలావిడ మూడేళ్ళుగా ఒక్కతే ఏడుస్తోంది."