మల్లెల వాసన వేసిన కనకాంబరాలు

పూర్వం ఒక రాజుగారి కళ్లకు పొరలు కమ్మి, లోకమంతా పాలనురగలా తేలిపోయేది. శస్త్రచికిత్స అంటే ఆయనకు హడలు. "నా తేనెచుక్కలతో చూపు రోజురోజుకీ మెరుగవుతోంది" అనేవాడు ఆస్థానవైద్యుడు. రాజుగారూ ఔననేవారు.

పూలు కట్టే గవరమ్మకు మాత్రం, ఆయన గుమ్మాలు తడుముకోవడం కనబడుతూనే ఉంది. ఒకనాడు వాసన లేని కనకాంబరాల దండ మీద మల్లెల అత్తరు చిలకరించి చేతికిచ్చింది.

"ఆహా, ఎంత తెల్లటి మల్లెలు!" అన్నారు రాజుగారు. వైద్యుడు గతుక్కుమన్నాడు.

"ఇవి కనకాంబరాలు ప్రభూ! అత్తరు నేనే చల్లాను. వైద్యులవారి మందు బాగానే పనిచేసింది. కాకపోతే కళ్లకు కాదు, ముక్కుకి" అంది గవరమ్మ.

మర్నాడే శస్త్రవైద్యుణ్ణి పిలిపించారు. కట్టు విప్పినరోజు గవరమ్మ మళ్లీ అలాంటి దండే అందించింది. రాజుగారు దాన్ని వాసన చూడలేదు. అలా చూస్తూ ఉండిపోయారు.