ఖాసిం సారు పంటి నొప్పి

హంసవేణి రాసిన ప్రోగ్రాం నడవడం లేదు. పొద్దున్నించీ అదే గోల.

తెల్లారితే డిప్లొమా ప్రాక్టికల్ పరీక్ష. పోయినసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి టమోటా మండీలో కూర్చోబెడతానని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు. అందుకే మదనపల్లెలో ట్యూషన్ చెప్పే ఖాసిం సారు ఇంట్లో, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా కూర్చుంది.

"సార్, మళ్లీ రాలేదు సార్."

సారు పేపరు పక్కన పడేసి వచ్చి చూశాడు. స్క్రీన్ మీద ఆమె రాసిన ప్రోగ్రాం తప్ప ఇంకేమీ లేదు.

"తప్పెక్కడుందో అది చెప్పే ఉంటుందే. ఎర్ర అక్షరాలేవీ?"

"తుడిచేసినా సార్."

"ఎందుకు?"

"మీరొస్తా ఉంటే అవి కనబడితే ఏం బాగుంటుంది సార్?"

చుట్టాలొస్తున్నారంటే మంచం మీది బట్టలు మూలకు తోసేసినట్టు, సారు వస్తున్నాడంటే తప్పులు తుడిచేయడం ఈ పిల్లల అలవాటు. ఏ బ్యాచీ వచ్చినా ఇంతే. తుడవొద్దని చెప్పి చెప్పి ఆయన గొంతు పోయింది. హంసవేణికైతే ఆ పొద్దే రెండోసారి చెప్పాడు. బుద్ధిగా తలూపింది. బుద్ధిగా తుడిచేసింది. ఒళ్లు మండదా మరి?

సారు కుర్చీలో కూలబడి దవడ పట్టుకున్నాడు.

"అమ్మీ, పన్ను నొప్పి. ఏ పన్నో చూసి చెప్పు."

హంసవేణి కంగారుగా లేచొచ్చింది. "నోరు తెరవండి సార్."

ఆయన పెదాలు బిగించాడు.

"కొంచెం తెరవండి సార్."

తల అడ్డంగా ఊపి, తొందరగా చెప్పమని చేత్తో సైగ చేశాడు. ఆమె సెల్లు లైటు వేసి ఇటు వంగి చూసింది, అటు వంగి చూసింది. అవతల పరీక్ష, ఇవతల నడవని ప్రోగ్రాం, మధ్యలో ఈయన. ఓపిక చచ్చిపోయింది.

"మూసి పెట్టుకోని చెప్పమంటే నాకెట్లా తెలుస్తుంది సార్!"

అరిచాక నాలిక్కరుచుకుంది. సారుకు కోపం రాలేదు. దవడ మీంచి చెయ్యి తీసి, కంప్యూటర్ వైపు చూశాడు.

హంసవేణి వెళ్లి కూర్చుని ప్రోగ్రాం మళ్లీ నడిపింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. అలవాటుగా తుడవబోయిన వేలు గాల్లోనే ఆగింది. మొదటిసారిగా కూడబలుక్కుని చదివింది. పదకొండో వరుసలో మొత్తం ఎంతని అడిగావు, ఆ మొత్తం అంటే ఏమిటో ముందెక్కడా చెప్పలేదు.

పొద్దున్నించీ అది ఆ ఒక్క మాటే చెబుతోంది.

సారు పేపరు అందుకున్నాడు.

"పన్ను కనబడిందా?"

హంసవేణి పదకొండో వరుసకు పైన చోటు చేసింది. టైపు చేస్తోంది.