మీ ఇష్టం, మాస్టారూ

మా వయొలిన్ మాస్టారు పేరి సోమయాజులు గారు అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. "ఆకలేస్తోంది, ముందు భోజనానికి పదండి" అంటారు. బెజవాడ గవర్నరుపేటలో ఒక మేడమీద గదిలో ఆయన పాఠం చెబుతారు. మెట్లు దిగితే చాలు, సందుకో హోటలు. ఎక్కడ తినాలో తేల్చుకోవడమే మా ఆదివారం పాఠానికి ముగింపు. నేను యాభై దాటాక ఫిడేలు పట్టిన శిష్యురాలిని. వాయించడంలో ఎలా ఉన్నా, ఆ ముగింపులో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరు.

ఆ ఆదివారం శశిధర్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. చిన్నప్పటి నుంచీ మాస్టారి దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తున్నవాడు. మనిషి వెన్న. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. ఏదో మాటా మాటా వచ్చి, భార్య హిమజ తెనాలిలో పుట్టింటికి వెళ్ళి కూర్చుంది. ముందు రోజు తనే ఫోన్ చేసి, "రమ్మంటావా, ఇక్కడే ఉండిపొమ్మంటావా?" అని అడిగిందట. మన మహానుభావుడు "నీ ఇష్టం" అన్నాడట.

"ఠక్కున పెట్టేసింది మాస్టారూ. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. 'నీ మనసులో ఏముందో నాకెలా తెలిసి చస్తుంది' అని మెసేజీ పెట్టింది. నేనన్నదాంట్లో తప్పేముంది? తన ఇష్టమే నా ఇష్టం అనుకోవడం తప్పా? పాడేవాళ్ళ వెనకాలే నడవాలి గానీ ముందుకు దూకకూడదని మీరే కదా నేర్పారు!"

అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. హిమజ ఇక రాదేమోనని వాడి భయం. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. ఆ సంగతి నాకు తెలుసు, మాస్టారికి తెలుసు, కింద కిళ్ళీకొట్టు ఆయనకి కూడా తెలుసు. ఆ ఒక్క పిల్లకే చెప్పినట్టు లేడు.

మాస్టారు అంతా విని, ఫిడేలు పెట్టెలో సర్ది, గొడుగు అందుకున్నారు. "ఆకలేస్తోంది, పద. ఎక్కడ తిందాం?"

"మీ ఇష్టం, మాస్టారూ."

మామూలుగా అయితే ఆయన ఏదో ఒక హోటలు పేరు చెప్పేవారు, వాడు తలూపి వెంట నడిచేవాడు. ఆవేళ మాత్రం, "కాదు నాయనా, ఇవాళ నీ ఇష్టం" అన్నారు.

ముగ్గురం రోడ్డున పడ్డాం. మిట్టమధ్యాహ్నం, బెజవాడ ఎండ. సినిమా వదిలినట్టున్నారు, జనం తోసుకుంటున్నారు. ఉడిపి హోటలు ముందు ఆగి శశిధర్, "ఇక్కడ బావుంటుందా మాస్టారూ?" అన్నాడు. "నీకు బావుంటే బావుంటుంది" అన్నారాయన. వాడికి ధైర్యం చాలలేదు, ముందుకు నడిచాడు. అద్దాల తలుపుల ఏసీ హోటలు వచ్చింది. "చల్లగా ఉంటుంది, మీకు ఇబ్బంది ఉండదేమో?" అన్నాడు. "నాదేముంది, ఎక్కడైనా ఒకటే. నీ ఇష్టం" అన్నారు మాస్టారు. మళ్ళీ నడక. నా ఆకలి సంగతి అడిగే నాథుడు లేడు. "నన్నడగండయ్యా, నేను చెప్తాను!" అన్నాను ఉండబట్టలేక. "కామేశ్వరీ, నువ్వూరుకో" అని మాస్టారు గుడ్లురిమారు. తిరిగి తిరిగి మళ్ళీ ఉడిపి హోటలు ముందుకే వచ్చి పడ్డాం. నా చెప్పులు అప్పటికే పెనం మీదున్నట్టు కాలుతున్నాయి.

"ఏమిటి, ఇందులోకేనా?" అన్నారు మాస్టారు.

"మీరే ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ!" శశిధర్ గొంతు పెరిగింది. "ఇందాకటి నుంచీ నీ ఇష్టం, నీ ఇష్టం అంటారు. మీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

మాస్టారు గొడుగు భుజానికి ఆనించి వాడి వంక చూస్తూ నిలబడ్డారు, అంతే. వాడూ ఆయన్నే చూశాడు. ఆటో వాడెవడో హారన్ కొట్టి, దారికడ్డం లెమ్మని తిట్టిపోయాడు.

"అబ్బబ్బ, ఆకలితో ప్రాణం పోతోంది!" అని ఒక్కసారిగా అరిచాడు శశిధర్. "నాకు వెనకసందు మెస్సులో తినాలనుంది మాస్టారూ! అక్కడ పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, వేడన్నంలో నెయ్యి. అదే కావాలి నాకు. రండి!" అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

"హమ్మయ్య" అన్నారు మాస్టారు.

ఆ మెస్సు సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. ఖాళీ కుర్చీ అనేది ఉండదు. తింటున్నవాడి వెనకాల నిలబడి, వాడెప్పుడు పెరుగన్నంలోకి వస్తాడా అని కాచుకోవాలి. నోట్లో నాలుక లేని మా శశిధర్, ఆ రోజు ముగ్గురి వెనకాల కాపలా కాసి, వాళ్ళు లేచీ లేవకముందే జేబురుమాలు ఒక కుర్చీలో, ఫోను ఇంకో కుర్చీలో విసిరి, మూడోదాంట్లో మాస్టారిని కూర్చోబెట్టేశాడు. నాకు నవ్వాగలేదు.

విస్తళ్ళు వేశారు. శశిధర్ ఎర్రగా కలుపుకుని, చెవుల్లోంచి పొగలొస్తున్నా మారు వడ్డించుకుంటూ తిన్నాడు. వాడు అంత ఇష్టంగా తినడం నేనెప్పుడూ చూడలేదు. మాస్టారేమో ముద్దపప్పు ఇంత, తర్వాత పెరుగన్నం. వాడు సగంలో గమనించాడు.

"అదేమిటి మాస్టారూ, పచ్చడి వేసుకోలేదు?"

"ఆయనకి కడుపులో పుండు. డాక్టరు కారం మానిపించి నెల దాటింది" అన్నాను నేను, ఈసారి గుడ్లురిమినా ఊరుకోకుండా.

వాడి చెయ్యి ఆగిపోయింది. "అయ్యయ్యో! ముందే చెప్పకూడదా మాస్టారూ? ఇంకోచోటికి వెళ్ళేవాళ్ళం కదా!"

"బావుంది. నాకు కావలసిన పెరుగు ఇక్కడా ఉంది" అన్నారాయన, వేళ్ళు నాక్కుంటూ. "ఒరే శశీ, ఇన్నేళ్ళుగా నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కణ్ణే తింటున్నాన్రా. ఇవాళ నాకు తోడు దొరికింది."

వాడు చటుక్కున లేచి, కుడిచెయ్యి ఎంగిలిదైతే ఎడంచేత్తో ఫోను తీసుకుని, చేతులు కడిగే కుళాయి దగ్గరికి వెళ్ళాడు. వెనకాల కాచుకున్నాయన కుర్చీలో కూర్చోబోతుంటే, "ఆగవయ్యా, ఇంకా పెరుగు తినలేదు" అని నా చేతిసంచీ పడేశాను.

మొదటిసారి ఎత్తినట్టు లేదు. మళ్ళీ చేశాడు. ఏమనుకుందో ఏమో, ఈసారి ఎత్తింది. గిన్నెల చప్పుళ్ళ మధ్య వాడి గొంతు మెస్సంతా వినబడింది.

"హిమజా, నువ్వు రావాలి. నువ్వు లేకపోతే నాకు బావుండటం లేదు. కాదు కాదు, నీ ఇష్టం తర్వాత అడుగుతాను. ముందు నాది విను!"

అన్నం తింటున్నవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. వాడికదేమీ పట్టలేదు. చాలాసేపు "ఊఁ, ఊఁ" అంటూ విన్నాడు. తిరిగొచ్చేసరికి మొహం పండుమిరపకాయ కంటే ఎర్రగా ఉంది.

"ఏమందిరా?" అన్నారు మాస్టారు.

"తిట్టింది మాస్టారూ."

"బాగా తిట్టిందా?"

"బాగా తిట్టింది. సాయంత్రం పాసింజరుకి వస్తోంది. స్టేషనుకి రమ్మంది" అన్నాడు, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

నాకు కళ్ళు చెమర్చాయి, పచ్చడి ఘాటని సర్దుకున్నాను. మాస్టారు మజ్జిగ చివరి గుక్క తాగి, గొడుగు చేతిలోకి తీసుకున్నారు.

"వెళ్ళు నాయనా. రాత్రికి ఎక్కడ తినాలో ఇద్దరూ బాగా దెబ్బలాడుకోండి."