ఎడమచేతి పసుపు చుక్కలు

పూలజడ కట్టబోయిన హైమవతి ఎడమచేయి కుమార్తె ప్రసూన భుజముదాక లేచి అక్కడే ఆగిపోయెను. దారపుండ జారి నేలబడెను. సీమంతమునకు రెండు నెలలే గడువు. గోడమీది పసుపు చుక్కలు మాత్రము గుమ్మపు పైకమ్మిదాక ఎక్కియుండెను.

చేయి అందని ఎత్తుకు చుక్కలెట్లు చేరెనని శిష్యముని అడుగగా వృద్ధముని ఇట్లు చెప్పెను.

నాయనా, వినుము. గోదావరి ఒడ్డున ఒక పట్టణములో పూలజడలకు హైమవతి పెట్టినది పేరు. చిన్ననాడు తల్లి పెరటి అరుగుమీద కూర్చుండబెట్టుకొని, మరువపు వాసనల నడుమ, ఆ పనితనము నేర్పెను. కుమార్తె సీమంతపు జడ తన చేతులతోనే కట్టవలెనని హైమవతి ఏనాడో అనుకొనెను.

ఇంతలో ఎడమ రొమ్మున కేన్సరు గడ్డ పుట్టగా వైద్యులు కోసి తీసిరి. కుట్లు మానిన పిమ్మట, వైద్యుల అనుమతితో, నర్సు సుగుణ ఇంటికి వచ్చి నోము పట్టించెను. దినమునకు రెండుమారులు గోడయెదుట నిలిచి ఎడమచేతి వేళ్లను చీమలవలె పైకి పాకించి, అందినచోట పసుపు చుక్క పెట్టవలెను. కొంచెము లాగుట సహజము. నొప్పి ఎక్కువైన ఆగవలెను. ఆ చేతికి బిగుతు గాజులు తగవు. చేయి వాచినను, ఎర్రబడినను, జ్వరము వచ్చినను ఆనాడే వైద్యునికి చెప్పవలెను.

హైమవతి మూడు దినములు చేసెను. నాల్గవనాడు చంక క్రింద లాగగా, కుట్లు పిగులునని బెదిరి మానెను. చుక్కలు మాత్రము ఎక్కుచునేయుండెను.

జడ ఆగిననాడు ప్రసూన నానమ్మ రాజ్యలక్ష్మమ్మపై విరుచుకుపడెను.

"నువ్వే పెట్టుంటావు నానమ్మా! కోడలికి నయమైపోయిందని వీధంతా చెప్పుకోవద్దూ మరి!"

"పెట్టానే తల్లీ, పెట్టాను. ముసలిదాన్ని, జైల్లో వేయించు," అని ఆమె నవ్వెను. హైమవతి వంగి జారిన దారపుండను ఏరుకొనెను.

మరునాడు వచ్చిన సుగుణ, చంక లాగుడు సంగతి హైమవతి నోట విని, తడిగుడ్డతో చుక్కలన్నియు తుడిచివేసెను.

"ఎవరు పెట్టారో నాకెందుకండీ. అది కుట్టు పిగలడం కాదమ్మగారూ, బిగిసిన చెయ్యి సాగడం. రండి, మొదటి చుక్క నుంచీ."

నాటినుండి అత్త పసుపు గిన్నె పట్టగా కోడలు వేళ్లు పాకించెను. వేలు ఎక్కినప్పుడెల్ల తన తలలో కదిలిన తల్లి వేళ్లు జ్ఞాపకము వచ్చెను. వానలకు విసిగి నాలుగు దినములు మానగా చేయి మరల బిగిసెను; మరల నోచగా సడలెను. సీమంతమునాటికి జడ నడినెత్తిదాక పూచెను. వీధివారు మాత్రము రాజ్యలక్ష్మమ్మను "చుక్కలత్తగారు" అని ఏడిపించుచునేయుండిరి.

రొమ్ము కోత జరిగిన స్త్రీలెల్లరు, వైద్యులు సరేయన్న నాటినుండి, ఈ నోము నోచవలెను. ఇంటివారు పసుపు గిన్నె పట్టవలెను. నోచిన చేయి తల దువ్వుకొనును, దండెము అందుకొనును, బిడ్డకు జడవేయును. అక్షతలు పడకముందు నోములో జరిగిన దొంగతనమును పైకి చెప్పవలెను. ఆ నియమము హైమవతి పెట్టినదే. సీమంతపు పీటలయెదుట ఆమె ఎడమచేయి గుమ్మపు పైకమ్మిదాక ఎత్తి, అందరు వినునట్లు పలికెను:

"మా అత్తయ్యగారిని ఇంకేమీ అనకండి. కుడిచేత్తో ఆ చుక్కలు పెట్టిన దొంగని నేనే."