గొంగడి వదలని మల్కన్న

అనగనగా, మబ్బులు కూడా దారి తప్పితేనే వచ్చే ఒక కొండ. రాజుగారు శిక్ష వేసినవాళ్లంతా అక్కడ పొద్దు గూకేదాకా రాళ్లు కొట్టాలి. ఉండటానికి మూడు పాకలు. పాకకు పదిమంది. చలి మాత్రం అందరికీ సమానం.

వాళ్లలో మల్కన్న అనే ముసలి గొర్రెలకాపరి ఉన్నాడు. అతని గొర్రెలు రాణిగారి మల్లెతోట మేసేశాయి. అదీ అతని నేరం. కిందటి చలికాలం కాలివేళ్లు మొద్దుబారిపోయాయి. "ఈ ఏడు కూడా గొంగడి లేకపోతే నన్ను నలుగురు మోసుకెళ్లాల్సిందే" అనేవాడు.

నిజానికి రాజుగారు ఏటా ముప్పై గొంగళ్లు పంపేవారు. కొండ అధికారి దండపాణి అందులో ఇరవై అత్తారింటికి పంపి, పది పెట్టెలో దాచేవాడు.

ఒకనాడు రాజుగారే బయలుదేరారని కబురొచ్చింది. దండపాణి గబగబా పెట్టె తెరిచి, శిక్ష పడ్డవాళ్లందరినీ పిలిచి చెప్పాడు.

"ఇవాళ రాళ్లు వద్దు. హాయిగా పడుకోండి. రాజుగారు ఒక పాక దాటగానే భటులు గొంగళ్లు లాక్కుని, వెనక దారిన తర్వాతి పాకలో కప్పుతారు. ఎవడైనా నోరు విప్పాడో, రెండింతల రాళ్లు."

మొదటి పాకలో మల్కన్న గొంగడి కప్పుకున్నాడు. అచ్చం తన మంద వాసన. కళ్లు మూసుకుంటే పచ్చిక, సన్నని వాన, గట్టు మీంచి భార్య బాలమ్మ పిలుపు.

రాజుగారు చూసి, తలూపి, బయటికి నడిచారు. భటులు లాగారు. తొమ్మిది వచ్చాయి. పదోది రాలేదు.

"తాతా, వదులు."

మల్కన్న నోరు విప్పలేదు. పిడికిలీ విప్పలేదు.

"ఇక టైము లేదురా. తాతతో సహా ఎత్తు."

రెండో పాకలో అతన్ని పడుకోబెట్టి, అక్కడివాణ్ణొకణ్ణి గడ్డి కింద దాచారు. రాజుగారు ఆగారు. "ఈ ముసలాణ్ణి ఎక్కడో చూశానే."

"కవలలు ప్రభూ" అన్నాడు దండపాణి.

మూడో పాకలోనూ అదే ముఖం. పక్కన నలుగురు భటులు రొప్పుతున్నారు.

"ఒకే కాన్పులో ముగ్గురు ప్రభూ" అన్నాడు దండపాణి, చెమట తుడుచుకుంటూ.

రాజుగారు వంగి అడిగారు. "తాతా, మీరెంతమంది అన్నదమ్ములు?"

రాజే అడిగాక చెప్పక తప్పుతుందా. "నేనొక్కణ్ణే దొరా. గొంగడి ఎటు పోతే అటు పోతున్నా. ఇంకో పాక ఉంటే తొందరగా పదమనండి, చలేస్తోంది."

రాజుగారు పడీ పడీ నవ్వారు. నవ్వు ఆపి దండపాణి వైపు చూశారు.

మూడోనాటికి ఇరవై గొంగళ్లూ కొండెక్కాయి, దండపాణి నెత్తి మీదే. రాజుగారు శిక్ష రద్దు చేయడంతో మల్కన్న భుజాన గొంగడితో బాలమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. అతని సుత్తి మాత్రం దండపాణికి దక్కింది.

పిల్లలూ, ఇచ్చినట్టు చూపించడానికి పడే పరుగుల కన్నా, ఇవ్వాల్సింది ఇచ్చేయడమే తేలిక.