దేవదారు బిడ్డ, నాచు పిన్ని

అనగనగా కొండల నడుమ ఒక చల్లని అడవి. పిల్లలూ, ఆ అడవి మొత్తానికి ఒకే ఒక్క దేవదారు చెట్టు ఉండేది. దాని ఆకులు సూదుల్లా ఉండేవి. ఎక్కడెక్కడి పక్షులో దాన్ని చూడ్డానికే వచ్చేవి. ఇంకేముంది, దేవదారుకు గర్వం తలకెక్కింది!

దాని వేళ్ల చుట్టూ మెత్తగా నాచు పరుచుకుని ఉండేది. నాచు ఎక్కడ లేదు చెప్పండి? బండ మీదా అదే, మోడు మీదా అదే.

ఆ ఏడు దేవదారుకు తొలిసారి కాయలు కాశాయి. తన పిల్లలు ఎప్పుడు మొలుస్తాయా అని దానికి ఒకటే ఆశ.

"నా పిల్లలు ఈ నాచులో పడాలా? ఛీ!" అనుకుంది. వెంటనే అడవికోడిని పిలిచింది.

"కోడీ, ఈ నాచంతా గీకెయ్యవే. కింద దొరికిన పురుగులన్నీ నీకే!"

కోడికి గీకడమంటే పండగ కదా! బర్రుబర్రున గీకేసింది.

"వద్దక్కా! నేనుంటే నేల చల్లగా ఉంటుంది" అని నాచు బతిమాలింది. దేవదారు విననేలేదు.

గింజలు రాలాయి. కొన్ని వట్టి బండ మీద పడి ఎండకు మాడిపోయాయి. కొన్ని వానకు కొట్టుకుపోయాయి. మిగిలినవాటిని ఎవరు తిన్నారనుకున్నారు? ఆ కోడే!

"అయ్యో, నా చేతులారా నేనే చేసుకున్నాను" అని దేవదారు వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవకక్కా" అని ముళ్లపొద కింద నుంచి చిన్న గొంతు వినిపించింది. అది నాచే. "ముళ్లకు భయపడి కోడి ఇటు రాలేదు. నేను కాస్త మిగిలాను. ఒక గింజ నా ఒళ్లో పడింది. తడి ఆరకుండా చూసుకుంటున్నాను."

"నిన్ను గీకించేశానే! నా బిడ్డను ఎందుకు కాపాడావు?"

"పసిది, అది నన్నేం చేసింది?" అంది నాచు.

కొన్నాళ్లకు పచ్చని మొలక తల ఎత్తింది. పైకి చూసి, "అమ్మా, ఎవరా పొడుగావిడ?" అని నాచును అడిగింది.

దేవదారుకు గుండె కలుక్కుమంది.

"ఆవిడేరా మీ అమ్మ. నేను పిన్నిని" అంది నాచు నవ్వుతూ.

"కాదురా కన్నా, నిన్ను బతికించింది పిన్నే. ఆమెనూ అమ్మా అనే పిలువు" అంది దేవదారు. అలా అన్నాక దాని మనసు ఎంతో తేలికైంది.

నీతి: అరుదైనవాళ్లమని విర్రవీగి, అంతటా కనిపించేవాళ్లను చులకన చేయకూడదు. మన బతుకు వాళ్ల చలవే కావచ్చు.