దీపాల పోలయ్య

"సామీ, భయపెట్టేవాళ్ల మాట వినాలా, ధైర్యం చెప్పేవాళ్ల మాట వినాలా?" అని చెంచయ్య అడిగాడు.

అడిగిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోగం పేరు పలకడానికి అప్పటికింకా మన నోళ్లు సరిగ్గా తిరగలేదు. మా చుట్టుపక్కల ఎవరికీ వచ్చినట్టు వినలేదు. ఏదీ మూసెయ్యమని ప్రభుత్వం ఇంకా చెప్పలేదు. మా ఆశ్రమంలో ఆరాధన మాత్రం సరిగ్గా నాలుగు రోజుల్లో ఉంది.

కోటిలింగం గారిని మేమంతా సామి అనే పిలుస్తాం. ఎనభై దాటిన మనిషి. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. చేతిలో ఉన్న పని చేసుకుంటూ ఉంటారు. ఆ పని అయ్యేలోగా జవాబు వస్తే వచ్చినట్టు, రాకపోతే మర్నాడు మళ్లీ అడగాలి. ఆ రోజు ఆరాధన పులుసుకని చింతపండు గింజలు తీస్తున్నారు. ఎదురుగా చెంచయ్య, స్తంభానికి ఆనుకుని మాల్యాద్రి, గుమ్మం దగ్గర నేను.

మా ఆరాధన సంగతి కొంచెం చెప్పాలి. ఫాల్గుణ బహుళ పంచమి మా పెద్దసామి పోయిన రోజు. ఏటా ఆ రోజు మూడు వందల మందిదాకా వస్తారు, ఎక్కువ మంది అరవై దాటినవాళ్లే. పొద్దున్నుంచీ తత్వాలు పాడి మధ్యాహ్నం పంక్తిలో కూర్చుంటారు. తినడం మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరూ ఒక ముద్ద కలిపి పక్కవాళ్ల చేతిలో పెట్టాలి. పక్కన ఉన్నది ఎవరని అడగకూడదు. ఈ ఒక్క ముద్ద కోసం మా తాతల తరంలో కొందరిని ఊళ్లోంచి వెలివేశారు. అందుకే అది మాకు తిండి కంటే పెద్ద సంగతి.

ఆ ముద్ద దగ్గరే గొడవ మొదలైంది. చెంచయ్యకు కనిగిరిలో మందుల షాపు ఉంది, మా శిష్యుల వాట్సాప్ గ్రూపు నడిపేది కూడా అతనే. అందులో భారతి ఒక మెసేజ్ పెట్టింది. ఒంగోలు ఆస్పత్రిలో నర్సు, వాళ్ల నాన్న కాలం నుంచీ ఆశ్రమానికి వస్తున్న పిల్ల. ఈ ఏడు ఆరాధన ఆపుదామని, ముసలివాళ్లను ఒకచోట చేర్చడం మంచిది కాదని, ముద్ద అసలే వద్దని రాసింది. మాల్యాద్రికి రోషం వచ్చింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, గొంతూ పెద్దదే, మనసూ పెద్దదే. మనిషిని ముట్టుకోవడానికి భయపడొద్దని పెద్దసామి బతుకంతా చెప్పారనీ, నువ్వొచ్చి భయపడమని చెబుతున్నావా అనీ రాశాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

ఇక చూడాలి. మన ఎండకు ఏ రోగమూ నిలవదని ఒకరు, మిరియాల చారు తాగేవాళ్లకు ఏమీ కాదని ఇంకొకరు. అవతల పక్షం వాళ్లేమన్నా తక్కువా? ఎక్కడో రోడ్ల మీద జనం కుప్పకూలుతున్న వీడియోలు, ఎవరు తీశారో ఎక్కడ తీశారో తెలియనివి, టీ తాగేలోగా పది పంపేవాళ్లు. ఒకాయన పప్పూ ఉప్పూ ఏడాదికి సరిపడా కొనుక్కోమన్నాడు. రెండు రోజుల్లో నాలుగు వందల మెసేజ్‌లు. ‘నేను’ అన్నది లేనే లేదని ముప్పై ఏళ్లుగా పాడుతున్నవాళ్లం, నేను చెప్పిందే నిజమని ఒకరి మీద ఒకరం విరుచుకుపడ్డాం. చివరికి మాల్యాద్రి ఆ పిల్లకు ‘భయాల భారతి’ అని పేరు పెట్టాడు. దాని కింద ముప్పై ఎనిమిది నవ్వు బొమ్మలు పడ్డాయి. అందులో ఒకటి నాది, దాచడమెందుకు. ఆ తర్వాత భారతి ఏమీ రాయలేదు.

చెంచయ్య బాధ వేరు. వాళ్లమ్మ ఓబులమ్మకు ఎనభై రెండేళ్లు, చలికాలం వస్తే చాలు ఆయాసం. నలభై ఏళ్లుగా ఆరాధనలో మొదటి తత్వం ఎత్తుకునేది ఆమే. ఆమె గొంతు లేస్తే గాని ఇంకెవరూ నోరు తెరవరు. గంజి పెట్టిన చీర అప్పటికే మడిచి పెట్టెలో పెట్టుకుంది. తీసుకురావాలా, ఇంట్లో కూర్చోబెట్టాలా? అతను సామిని అడిగింది నిజానికి ఈ మాటే.

సామికి ఫోను లేదు. గ్రూపులో గొడవంతా చెంచయ్యే చదివి వినిపించాడు. ఎండ సంగతి, మిరియాల సంగతి, వీడియోల సంగతి అన్నీ విన్నంతసేపూ గింజలు పక్కకు పడుతూనే ఉన్నాయి. ‘భయాల భారతి’ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగారు. నేనే సామీ అన్నాడు మాల్యాద్రి. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. బాగా అతికింది అని సామి మళ్లీ చింతపండు అందుకున్నారు. తర్వాత చెప్పిన సంగతి ఇది.

సామికి అప్పుడు ఇరవై రెండేళ్లట. వాళ్లది రాళ్ల నేల. అది వరసగా మూడో కరువు. ఊరబావి అడుగంటా ఎండిపోయి, ఆడవాళ్లు రెండు కోసుల దూరం నడిచి వాగులో చెలమలు తోడుకుని నీళ్లు తెచ్చేవాళ్లు. ఊరవతల పదిహేనేళ్లుగా కంప కప్పేసిన పాత బావి ఒకటి ఉంది, పది నిలువుల లోతు. దాని పూడిక తీయిస్తే ఊట పడుతుందని పెద్దలు అనుకున్నారు. బావులు తవ్వడంలో పేరున్న పోలయ్యను పిలిపించారు. తాడు పట్టడానికి అతని భార్య గురవమ్మ వచ్చింది. బావిలోకి దిగేటప్పుడు తాడు ఇంకొకరి చేతికి ఇవ్వడం అతనికి అలవాటు లేదు.

పోలయ్య ముందుగా ఒక తట్టలో ఆముదం దీపం పెట్టి బావిలోకి దించాడు. ఏడో నిలువు దాటేసరికి దీపం ఆరిపోయింది. దీపం ఆరినచోట గాలి చెడి ఉంటుందని అతను దిగలేదు.

ఆ ఊళ్లో స్కూలు ఫైనలు పాసైనవాడు సామి ఒక్కరే. కాబట్టి మొదట మాట్లాడింది కూడా ఆయనే. తట్ట ఊగింది, గాలికి ఆరింది, అంతే అన్నారు. స్వయంగా వత్తి మార్చి, ఆముదం నింపి మళ్లీ దింపించారు. మళ్లీ అక్కడే ఆరింది. ఆముదం మంచిది కాదన్నారు. "ఆముదం మా ఇంటిదే" అని చెప్పి, సామి మా ముందు కాసేపు నవ్వుకున్నారు.

మధ్యాహ్నం దాకా గట్టు మీద వాదన సాగింది. పోలయ్యకు వయసు మీదపడి పిరికితనం వచ్చిందని సగం మంది. ఈ బావిలో ఏదో ఉంది, కదిపితే ఊరంతా పోతుంది, ఇప్పుడే మట్టితో పూడ్చెయ్యండని మిగతా సగం. పూడిస్తే నీళ్లెక్కడివని వీళ్లు, బతికుంటేగా నీళ్లని వాళ్లు. పోలయ్య కాసేపు చూసి లేచి రెండు అడిగాడు. బండెడు కానుగ కొమ్మలు, ఆరు బిందెల నీళ్లు. కొమ్మలు కట్టకట్టి లోపల ఆడించి గాలిని కదిలిస్తాడట, పైనుంచి నీళ్లు గుమ్మరిస్తాడట.

కొమ్మలు ఇచ్చారు. నీళ్లనేసరికి ఊరు భగ్గుమంది. తెల్లవారకముందే లేచి రెండు కోసులు మోసుకొచ్చిన నీళ్లు. వాటిని తీసుకుపోయి బావిలో పొయ్యాలా? అందరికంటే గట్టిగా అరిచింది తానేనని సామి చెప్పారు. దీపం ఆరిందని ఊరి గొంతు ఎండబెడతావా అని మొహం మీదే అడిగారట. అప్పుడు పోలయ్య అన్న మాట ఒక్కటే.

"దిగేది నేను గదయ్యా. గట్టు మీద నిలబడి మీరు రెండూ అనొచ్చు."

ఆ మాట విని గురవమ్మ చేతుల్లోని తాడు వైపు సామి వాళ్లమ్మ కాసేపు చూసిందట. ఇంటికి వెళ్లి తన బిందె తెచ్చి బావిలో కుమ్మరించింది. ఆ రోజు వాళ్లింట్లో ఉన్న నీళ్లు అవే. ఆమె వెనక ఒకరొకరే ఇంకో అయిదుగురు తెచ్చారు.

పొద్దు వాలేదాకా పోలయ్య, గురవమ్మ ఆ కొమ్మల కట్టను మజ్జిగ చిలికినట్టు బావిలో పైకీ కిందికీ ఆడించారు. తర్వాత దించిన దీపం అడుగుదాకా వెళ్లింది, ఆరలేదు. అయినా ఆ పూట దిగలేదు. మర్నాడు పొద్దున ఇంకోసారి దించి చూసుకుని అప్పుడు దిగాడు. రెండో రోజుకు చెమ్మ తగిలింది. మూడో రోజు ఊట పడింది. పోలయ్య ఛాతీదాకా బురదతో పైకి వచ్చాడు. గురవమ్మ ముందు తాడు చుట్టిపెట్టుకుని, తర్వాత ఆ నీళ్లతోనే అతని మొహం కడిగింది.

నీళ్లు పడ్డాక జనానికి నోరు వచ్చింది. ఇంతకీ ఏముంది లోపల, ఏమీ లేదుగా అన్నారు. తట్ట ఊగి దీపం ఆరితే ఒక రోజు పాడుచేశాడని, ఆరు బిందెల నీళ్లు దండగ చేయించాడని నవ్వారు. గట్టు మీదున్న ఒకడు ఆ పూటే అతనికి ‘దీపాల పోలయ్య’ అని పేరు పెట్టేశాడు. ఆ పేరు చుట్టుపక్కల పది ఊళ్లకు పాకింది. ఎక్కడ బావి తవ్వడానికి వెళ్లినా, ఎన్ని దీపాలు తెచ్చావు పోలయ్యా అని అడిగేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఇంకో పాతికేళ్లు బావులు తవ్వాడు. మనవరాలి పెళ్లిలో సామి పక్కన కూర్చుని ఈ కథ తానే చెప్పి, నోట్లో చుట్ట జారిపోయేలా నవ్వాడట.

"ఆ పేరు పెట్టింది నేనే, మాల్యాద్రీ" అన్నారు సామి.

మాల్యాద్రి తల దించుకున్నాడు. నేను గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాను. ముప్పై ఎనిమిదిలో నాది ఎన్నోదో నాకు తెలుసు. సిగ్గేసింది. వయసు వచ్చాక ఇంత సిగ్గు పడిన గుర్తు లేదు.

చెంచయ్య మందులు అమ్మేవాడు కదా, ఏదైనా తేలేదాకా ఒప్పుకోడు. ఇంతకీ ఆ బావిలో గాలి చెడిందా లేదా అని అడిగాడు.

"ఏమో, నాకు తెలియదు. దీపం ఆరినప్పుడు ఎవరూ దిగలేదు" అన్నారు సామి. ఇంకో నాలుగు గింజలు తీశాక, పోలయ్య రెండు అడిగాడు కదా, ఆ పిల్లకేం కావాలో మీలో ఎవరైనా అడిగారా అన్నారు.

ఎవరూ అడగలేదు. నాలుగు వందల మెసేజ్‌లలో ఆ ఒక్క ప్రశ్న లేదు. చెంచయ్య అక్కడే ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. భారతి డ్యూటీలో ఉంది, వెనక ఎవరో దగ్గుతున్నారు. సామి అడగమన్నారమ్మా, నీకేం కావాలి అన్నాడు. అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తర్వాత చెప్పింది.

"నాకేం వద్దు బాబాయ్. ఓబులమ్మవ్వను మాత్రం బస్సు ఎక్కించొద్దు."

చెంచయ్య ఫోను పెట్టేసి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఈ ఏడు ఆరాధన ఎవరింట్లో వాళ్లదేనని గ్రూపులో రాయమన్నారు సామి. పోగైన బియ్యం, ఈ చింతపండు కూలి లేని ఇళ్లకు పంచమన్నారు. ముద్ద సంగతేమిటని మాల్యాద్రి అడగలేదు. అడుగుతాడనే నేను అనుకున్నాను. అతను లేచి చెప్పుల దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. లోపల ఇంకా ఏదో గుచ్చుకుంటున్నట్టుంది.

"సామీ, అన్నీ ఆపేశాక ఏమీ కాలేదనుకోండి. రేపు జనం మనల్ని చూసి నవ్వరా?"

సామి ఒళ్లో ఉన్న గింజలు దులిపి పైకి చూశారు.

"నవ్వనీ మాల్యాద్రీ. నవ్వడానికి అందరూ ఉంటారుగా."